పాత కారు బేరమా? ముందు పాలసీ కాగితం చదవండి!

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆటో ఎక్కాలంటే కాలు పైకి లేవదు. బస్సు సంగతి సరేసరి. పెళ్ళిళ్ళూ పేరంటాలూ మానేసి రెండేళ్ళయింది. "ఏవండీ, చిన్న కారొకటి కొందామా?" అని నేను అడిగినప్పుడల్లా "పిల్లాడి ఇంటర్ ఫీజులు అయ్యాక చూద్దాంలే" అనేవారు మావారు. ఆ ఫీజులు అయ్యేదెప్పుడు, మేం కారెక్కేదెప్పుడు! చివరికి 2025 వేసవిలో నా చీటీ పాడేసుకున్నాను. మూడున్నర లక్షలు చేతికొచ్చాయి. "ఇది నా డబ్బు. ఇందులో వచ్చే కారు చూడండి" అన్నాను.

ఆ డబ్బుకి మేం అనుకున్న కొత్త కారు రాదు. కాబట్టి పాతదే గతి.

మా గుంటూరులో కార్ కన్సల్టెన్సీలకు కొదవ లేదు. మూడో చోట ఒకాయన తెల్లగా మెరిసిపోతున్న కారు చూపించాడు. 2019 బండి, పెట్రోలుది. మీటరు మీద 34 వేల కిలోమీటర్లు. సీటు కవర్లు కొత్తవి. తలుపు తీస్తే గుప్పున మల్లెపూల సెంటు! అలాంటి బండికి మిగతా ఇద్దరూ 3 లక్షల 60 వేల దాకా చెబితే ఈయన 2 లక్షల 90 వేలే అన్నాడు. "ఓనరుగారు ఫారిన్ వెళ్ళిపోతున్నారు మేడమ్, అందుకే తెగనమ్ముతున్నారు. డాక్టరుగారి బండి, ఫస్ట్ ఓనరు. లోకల్ బండే. ఇప్పటిదాకా ఒక్క క్లెయిము లేదు" అన్నాడు. మావారు అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్నారు. బేరం కుదిరిపోయిందని ఆయన మొహమే చెబుతోంది.

నాకు కార్ల గురించి ఓనమాలు రావు. కాకపోతే కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. పకోడీల పొట్లం విప్పినా ముందు కాగితమే చదువుతానని ఇంట్లో అందరూ వేళాకోళం చేస్తారు. ఆయన ఫైలు తెరిచి సి-బుక్ చూపిస్తుంటే, వెనకాల ఉన్న ఇన్సూరెన్సు పాలసీ కూడా ఇమ్మని అడిగి చదివాను. అందులో 'నో క్లెయిమ్ బోనస్' అన్న గడిలో సున్నా ఉంది.

ఈ సున్నా గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏడాదంతా క్లెయిము చేయకుండా ఉంటే, మరుసటి ఏడాది మన బండి డ్యామేజీకి కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. వరుసగా రెండేళ్ళు చేయకపోతే 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50 శాతం. మధ్యలో ఒక్క క్లెయిము చేస్తే చాలు, వచ్చే రెన్యువల్లో మళ్ళీ సున్నా. అంటే ఆరేళ్ళ వయసున్న, ఒక్క క్లెయిమూ లేని, ఒకే యజమాని నడిపిన బండికి ఆ గడిలో 50 ఉండాలన్నమాట. సున్నా ఉంటే ఏదో జరిగింది. క్లెయిము చేసైనా ఉండాలి, గడువు దాటిన 90 రోజుల్లోపు పాలసీ రెన్యువల్ చేయకుండా వదిలేసైనా ఉండాలి. లేదంటే బండి చేతులు మారి ఉండాలి.

అదే అడిగాను. ఆయన కాగితం తిప్పి తిప్పి చూసి "ఏదో పొరబాటున పడుంటుంది మేడమ్" అన్నాడు. మావారు "పోనీలే, వాటితో మనకేం పని" అన్నట్టు నా వంక చూశారు.

నేను సి-బుక్ మళ్ళీ తీశాను. బండి నంబరు ఏపీ 39తో మొదలైంది. ఒకప్పుడు ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 16 అంటే కృష్ణా అని చూడగానే తెలిసేది. 2019 జనవరి చివర్లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ తెచ్చాక నంబరు చూసి ఊరు చెప్పలేం. అందుకే 'లోకల్ బండే' అని ఎవరన్నా నమ్మేస్తాం. సి-బుక్‌లో యజమాని చిరునామా మాత్రం దాగదు కదా! విజయవాడ, సింగ్‌నగర్ అని ఉంది.

2024 సెప్టెంబరు మొదటివారం గుర్తుందా? బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చి, జనం మేడల మీద రోజుల తరబడి ఉండిపోయారు. మనుషులు మేడెక్కారు సరే, వీధిలో కార్లు ఎక్కడికెక్కుతాయి?

మర్నాడు మా తమ్ముడు తనకు తెలిసిన మెకానిక్కుని తీసుకొచ్చాడు. వెయ్యి రూపాయలిచ్చాం. మూడు లక్షల బేరానికి వెయ్యి రూపాయలు దండగనుకునేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. ఆ అబ్బాయి బానెట్ వైపు కూడా వెళ్ళలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగాడు. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి మూరలో బురద గీత! పైభాగం మాత్రం శుభ్రంగా ఉంది. మ్యాట్ల కింద పరుపు ఎత్తితే తడి వాసన. సీటు జరిగే పట్టాలకు తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీస్తే దాని గుంటలో ఎండిన ఒండ్రు. "అమ్మగారూ, ఈ బండి నీళ్ళు తాగింది" అన్నాడు. మల్లెపూల సెంటు ఎందుకో అప్పుడర్థమైంది.

నీళ్ళలో మునిగిన కారు ఆరాక నడవదని కాదు. నడుస్తుంది. ఆరునెలలు బాగానే నడిచి, ఆ తర్వాత ఒకరోజు అద్దాలు దిగవు, ఇంకో రోజు డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతాయి, మరో రోజు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఇప్పటి కార్లలో అడుగడుగునా వైర్లూ సెన్సార్లే. చెమ్మ వాటిని నెమ్మదిగా తినేస్తుంది. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్సు వాళ్ళు పూర్తి నష్టం కింద లెక్కకట్టి డబ్బిచ్చేస్తారు. ఆ బండి తుక్కు కింద వేలానికి పోతుంది. అలా పోయినవాటిలో కొన్ని టింకరింగు చేయించుకుని, రంగేసుకుని మళ్ళీ మన ముందుకే వస్తాయి. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలు మునిగాయి. ఆ ఊళ్ళ బండి, ఆ తేదీలకు ముందుది అయితే సీటు బెల్టు ఒకసారి చివరిదాకా లాగి చూడండి.

ధర ఎలా తేల్చాలి?

అమ్మేవాళ్ళు మొదట అనే మాట "నాకు ఎనిమిది లక్షలు పడిందండీ" అని. పడే ఉంటుంది. కానీ అందులో లైఫ్ ట్యాక్సు, మొదటి ఇన్సూరెన్సు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం అన్నీ కలిసుంటాయి. మనం నగ అమ్మడానికి వెళితే మజూరీ, తరుగు ఎవరైనా తిరిగిస్తారా? బంగారం బరువే కదా చూస్తారు! కారుకూ అంతే. షోరూము ధర, అంటే పన్నులూ ఇన్సూరెన్సూ కలపకముందు ధర, అక్కణ్ణుంచే లెక్క మొదలవ్వాలి. కొత్త బండి రోడ్డెక్కగానే మడత విప్పిన పట్టుచీర అయిపోతుంది.

ఎంత తరుగుతుందో చెప్పే లెక్క ఒకటి మన పాలసీలోనే ఉంది. 'ఐడీవీ' అని రాసుంటుంది. అంటే బండి పోతే ఇన్సూరెన్సు వాళ్ళు ఇచ్చే గరిష్ఠ మొత్తం. మొదటి ఆరునెలల్లో 5 శాతం, ఏడాదిలోపు 15 శాతం తగ్గిస్తారు. రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, అయిదో ఏట 50 శాతం. ఆ పైన ఇద్దరూ మాట్లాడుకుని వేసుకోవడమే. షోరూము ధర 6 లక్షలున్న బండికి నాలుగో ఏట లెక్కప్రకారం 3 లక్షల 60 వేలు. అచ్చంగా అదే మార్కెట్ ధర అని కాదు. గిరాకీ ఉన్న చిన్న పెట్రోలు బండి దానికంటే పైన పలుకుతుంది, అడిగేవాళ్ళు లేనిది కిందికి పోతుంది. కానీ బేరమాడడానికి ఒక గట్టి మెట్టు దొరుకుతుంది కదా.

గిరాకీని బండి ఒక్కటే నిర్ణయించదు. ఆ కంపెనీ ఉందా, వెళ్ళిపోయిందా అన్నది కూడా చూస్తారు. షెవర్లే కార్లు మనదేశంలో అమ్మడం 2017 ఆఖరుకి ఆగిపోయింది. ఫోర్డు ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. బండ్లు మంచివే. అయినా విడిభాగాలు ఎన్నాళ్ళు దొరుకుతాయోనన్న భయం ధరను కిందికి లాగుతుంది. దగ్గర్లో మంచి మెకానిక్ ఉన్నవాళ్ళకు అదే లాభసాటి బేరం కావచ్చు. డీజిలు బండి చవకగా వచ్చిందంటే, అది ఢిల్లీ నుంచి వచ్చిందేమో కూడా చూసుకోవాలి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్ల మీద 2015 నుంచీ ఆంక్షలు, కోర్టు ఉత్తర్వులు నడుస్తున్నాయి. అందుకని చాలా బండ్లు బయట రాష్ట్రాలకు తరలిపోయాయి. పొరుగు రాష్ట్రం బండికి ఎన్.ఓ.సి. తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఆ ఖర్చు కలిపితే చవక కాస్తా చవకగా ఉండదు.

కొత్త కార్ల ధర కదిలితే పాతవాటి ధరా కదులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీని 18కి దించారు. కొత్తదే తగ్గాక పాతదానికి ఎవరు అంత పెడతారు? మేం జులైలోనే కొనేశాం. ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు!

ఇక జీఎస్టీ పేరు చెప్పి ఇంకో వసూలుంది. పాత కార్ల వ్యాపారం చేస్తూ రిజిస్టరైనవాళ్ళు తమ లాభం మీద 18 శాతం కట్టాలన్న నియమం 2025 జనవరిలో వచ్చింది. లాభం మీద, ధర మీద కాదు. మనలాంటి ఒకరు ఇంకొకరికి సొంత కారు అమ్ముకుంటే అసలు లేనేలేదు. ఎవరైనా మధ్యవర్తి మొత్తం ధర మీద పన్ను కలిపితే నిలదీయండి.

మీటరు చెప్పే మాట

మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్‌తో పావుగంట పని. అందుకని మీటరుని కాదు, మిగతా సాక్షుల్ని అడగాలి. క్లచ్, బ్రేకు పెడళ్ళ మీద రబ్బరు అరిగిపోయి నున్నగా ఉంటే అది 34 వేల బండి కాదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కొద్ది దూరమే తిరిగిందంటున్న బండికి నాలుగు టైర్లూ మధ్యలో మార్చి ఉంటే ఎందుకని అడగాలి. అన్నిటికంటే గట్టి సాక్షి కంపెనీ సర్వీసు సెంటరు రికార్డు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసైందో అందులో ఉంటుంది. యజమాని చేత అడిగించుకోండి. "రికార్డు పోయిందండీ" అంటే, మనమూ పోవడమే మంచిది.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, అదీ చెప్పకుండా. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు రాకముందే వేడెక్కి ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టవదని మీకు తెలియకుండా జాగ్రత్తపడ్డారేమో! స్టార్ట్ చేశాక వెనక నుంచి నీలిరంగు పొగ వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం. మిగతాది మెకానిక్కుకి వదిలేయడమే.

సి-బుక్‌లో ఎన్నో యజమానో చూడాలి, ఫైనాన్సు ఉందో లేదో చూడాలి. అప్పు తీరిందని నోటిమాట చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికొస్తేనే తీరినట్టు. ట్యాక్సీగా తిరిగి తర్వాత సొంత బండిగా మార్చిందా అన్నదీ అడగాలి. చలాన్లు ఎన్ని పెండింగులో ఉన్నాయో పోలీసువాళ్ళ వెబ్‌సైట్లో బండి నంబరు కొడితే వస్తుంది. హైదరాబాదు బండైతే ఈ పని అడ్వాన్సు ఇవ్వకముందే చేయండి. పదిహేనేళ్ళకు దగ్గరపడిన బండి అయితే ఇంకో ఖర్చుంది. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5000 చేశారు. 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు.

మా పిన్నికి వచ్చిన నోటీసు

కొనేటప్పటి నష్టం డబ్బుతో పోతుంది. అమ్మేటప్పుడు చేసే పొరబాటు ఎక్కడిదాకా పోతుందో మా పిన్నిని చూస్తే తెలుస్తుంది.

మా బాబాయి 2021లో పోయారు. కారు పిన్ని పేరు మీదికి మారింది. తనకు డ్రైవింగు రాదు, వాకిట్లో ఉంటే ఆయనే గుర్తొస్తారని 2022లో అమ్మేసింది. మధ్యవర్తి ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాడు. కొనేవాళ్ళ పేరు రాసే చోట ఖాళీ! "పార్టీ వచ్చాక నేను నింపుకుంటానమ్మా" అన్నాడు. డబ్బు పూర్తిగా ఇచ్చాడు. అది మాత్రం నిజం. కాబట్టి పిన్నికి అనుమానమే రాలేదు.

రెండేళ్ళ తర్వాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి నోటీసు. ఆ కారు ఎవరినో గుద్దింది. చనిపోయిన మనిషి మీద ఆధారపడ్డవాళ్ళు నష్టపరిహారం అడుగుతున్నారు. బండికి ఇన్సూరెన్సు లేదు. సి-బుక్‌లో ఇంకా పిన్ని పేరే ఉంది. రెండు చేతులు మారినా ఎవరూ పేరు మార్చుకోలేదు. "నేనెప్పుడో అమ్మేశాను కదమ్మా!" అని నాతో ఎన్నిసార్లు అన్నదో. కానీ చట్టం దృష్టిలో, రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే వాళ్ళే యజమాని. అమ్మేశానన్న మాట చెల్లదని, నమోదైన యజమానే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా రోజున పిన్ని తెనాలి నుంచి పొద్దున్నే బయల్దేరి వస్తుంది. కోర్టు ఖర్చుల కంటే, అవతలి పక్క కూర్చున్న ఆ కుటుంబం మొహాలు చూడలేకపోతున్నానంటుంది.

అందుకని ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. కొనేవాళ్ళ పేరు, చిరునామా రాశాకే పెట్టండి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు, వేరే రాష్ట్రంవాళ్ళకి అమ్మితే 45 రోజుల్లోపు అమ్మినవాళ్ళు రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాళ్ళకు 30 రోజుల గడువు. తాళం ఇచ్చేటప్పుడు తేదీ, టైముతో సహా డెలివరీ నోటు రాయించుకుని, కొన్నవాళ్ళ ఆధార్ కాపీ దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత ఒకటికి రెండుసార్లు ఆన్‌లైన్లో నంబరు కొట్టి, పేరు మారిందో లేదో చూసుకోండి. ఫాస్టాగ్ తీసేయండి, లేకపోతే వాళ్ళు తిరుపతి వెళితే టోలు మన ఖాతాలోంచి పోతుంది.

పాత కార్ల డీలరుకి అమ్మేవాళ్ళకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక సదుపాయం వచ్చింది. రవాణా శాఖ అనుమతి పత్రం ఉన్న డీలరైతే, బండి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే చాలు, అక్కణ్ణుంచి బాధ్యత డీలరుది. అనుమతి పత్రం ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. పిన్ని అమ్మేనాటికి ఈ ఏర్పాటు లేదు.

షోరూములో ఎక్స్‌ఛేంజ్ చేసేవాళ్ళకి ఒక్క మాట. పాత బండికి బయటకంటే 30 వేలు ఎక్కువ ఇస్తామంటారు. సంతోషంగా ఇంటికొస్తాం. కొత్తదాని మీద మామూలుగా వచ్చే డిస్కౌంటు అందులోనే కలిపేశారని తర్వాత తెలుస్తుంది. స్టీలు సామాన్లవాడికి పాతచీరలు వేసిన అనుభవం మనకు లేదా? ముందు ఎక్స్‌ఛేంజ్ మాట ఎత్తకుండా కొత్తదాని ఆఖరి ధర రాయించుకోండి. పాతదాని ధర ఆ తర్వాత అడగండి. ఇంకోటి, ఆ నో క్లెయిమ్ బోనస్ ఉందే, అది బండిది కాదు, మనిషిది. బండి అమ్మేసినా బోనస్ సర్టిఫికెట్ తీసుకుంటే, మూడేళ్ళలోపు కొనే కారుకి వాడుకోవచ్చు. అడగనివాళ్ళకి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇంతకీ మా కారు సంగతి చెప్పలేదు కదూ! ఆ సెంటు బండి వదిలేశాక నెలన్నర తిరిగాం. మావారు నాతో పెద్దగా మాట్లాడలేదు. చివరికి మా వీధి చివర రిటైరైన మాస్టారొకాయన కారు దొరికింది. 2018 బండి, మా బ్రోడీపేట దాటి బయటికెళ్ళింది తక్కువే. ఎడమపక్క తలుపుకి సొట్ట. పాలసీలో బోనస్ 50 శాతం. ఆయన 3 లక్షల 60 వేలు అన్నారు, సొట్ట చూపించి 3 లక్షల 40 వేలకి తెచ్చాను. పద్నాలుగు రోజుల్లోపే ఇన్సూరెన్సు కూడా మా పేరుకి మార్పించుకున్నాం. బండి కొన్నాక అవతలివాళ్ళకిచ్చే పరిహారం భాగం దానంతటదే కొనసాగుతుంది కానీ, మన బండికి దెబ్బ తగిలితే డబ్బు రావాలంటే పాలసీ మన పేరున ఉండాలి. మాస్టారి బోనస్ ఆయనతోనే పోయింది కాబట్టి ఆ తేడా మేమే కట్టాం.

సి-బుక్ నా పేరు మీద వచ్చింది. ఇప్పుడు బండికి నామినీని కూడా పెట్టుకోవచ్చు, 2021లో వచ్చిన మార్పు. ఎవరి పేరు పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే మా అత్తయ్యగారు వెనక సీట్లోంచి "ముందు ఆ ఏసీ తగ్గించవే, మోకాళ్ళు లాగుతున్నాయి" అన్నారు.